బుక్ చేయడం వేరు, బయల్దేరడం వేరు

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో పిల్లలు బడికి వెళ్ళే వయసొచ్చేసరికి ఒక ప్రశ్న మొదలవుతుంది: డిస్నీ వరల్డ్‌కి ఎప్పుడు తీసుకెళ్తారు? ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తున్నారంటే ఆ ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. నయాగరా, న్యూయార్క్, డిస్నీ వరల్డ్ ఉన్న ఒర్లాండో. వచ్చినవాళ్ళకి ఈ మూడూ చూపించకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. మామూలు రోజుల్లోనే ఇది తేలిగ్గా తేలే విషయం కాదు. ఆరుగురి కుటుంబానికి హోటల్, టికెట్లు, ప్రయాణం, తిండి కలిపితే వేల డాలర్లు. ఇక రేపేమవుతుందో తెలియని రోజుల్లో, అది జబ్బు భయం కావచ్చు, తుఫాను కావచ్చు, ఉద్యోగం ఊగిసలాట కావచ్చు, బుక్ చేయాలా వద్దా అన్నది భార్యాభర్తల మధ్య రోజూ నలిగే విషయమైపోతుంది.

నేను అట్లాంటా శివార్లలోని ఆల్ఫారెట్టాలో ఉంటాను. చిన్న చిన్న వ్యాపారాలకి ఖాతాలు చూడటం నా ఉద్యోగం. ఏ డబ్బు ఏ తారీఖు దాటితే వెనక్కి రాదో కనిపెట్టి ఉండటం ఆ పనిలో భాగం. 2021లో మా ఇంట్లో ఈ ప్రశ్న నెలల తరబడి నలిగినప్పుడు అక్కరకొచ్చింది ఆ అలవాటే. అప్పటి నుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. బుక్ చేయడం ఒక నిర్ణయం, బయల్దేరడం ఇంకో నిర్ణయం. రెండింటినీ ఒక్కరోజే తేల్చేయాలని కూర్చోబట్టే ఎటూ తేలదు. మొదటిదానికి కావలసింది డబ్బు నియమాలు తెలియడం. రెండోదానికి కావలసింది మన ఇంట్లో మనుషుల సంగతి తెలియడం. రెండోదాన్ని ఏ రోజు తేల్చుకోవాలో మొదటి రోజే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి.

మా కథ చెప్పేముందు ఆ రోజులు ఎలా ఉండేవో కొంచెం గుర్తు చేయాలి. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబర్ 1న మొదలైంది. ఇప్పుడు దాదాపు 40 చదరపు మైళ్ళ స్థలంలో నాలుగు పెద్ద పార్కులు. తుఫానులు వచ్చినప్పుడు, 2001 సెప్టెంబర్ 11న దాడులు జరిగినప్పుడు మూసేశారు గానీ అవన్నీ ఒకటి రెండు రోజుల ముచ్చట. అలాంటి చోటుని కోవిడ్ వల్ల 2020 మార్చి మధ్యలో మూసేసి, జూలై 11న గానీ మళ్ళీ తెరవలేదు. అదే సంస్థకి కాలిఫోర్నియాలో ఉన్న డిస్నీలాండ్ అయితే 2021 ఏప్రిల్ 30 దాకా, ఏడాది పైచిలుకు, మూసే ఉంది. జబ్బు ఒకటే, యజమాని ఒకరే, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు చెరో దారిలో ఆలోచించాయి. ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ఇది గమనించాలి. పార్కు తెరుస్తారా అన్నది పార్కువాళ్ళ చేతిలో మాత్రమే ఉండదు.

ఒర్లాండోలో తెరిచాక కూడా ఏదీ మునుపటిలా లేదు. మాస్కులు, గేటు దగ్గర జ్వరం చూడటం, లోపలికి వదిలే జనానికి పరిమితి. టికెట్ కొన్నా సరిపోదు, ఏ రోజు ఏ పార్కుకో ముందుగా పార్క్ పాస్ తీసుకోవాలి. ఆ పద్ధతి మామూలు టికెట్లకి 2024 జనవరి దాకా సాగింది. రాత్రి పూట పార్కులోని కోట మీద పేలే బాణాసంచా కూడా 2021 జూలై 1 వరకూ లేదు. పూర్తి ధర పెట్టి సగం వేడుక చూడాలా అని అప్పట్లో చాలామంది ఆగిపోయారు. జనం తక్కువ, క్యూలు చిన్నవి అని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరిదీ సబబైన ఆలోచనే.

మాకు ఈ ఆలోచన పుట్టింది మాత్రం పార్కు వార్తల వల్ల కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో తెనాలి నుంచి ఫోన్ వస్తే తీయడానికి భయమేసేది. మా మామయ్యగారు కరెంటు శాఖలో ఏఈగా చేసి రిటైరయ్యారు, అత్తయ్యగారికి షుగరు. ఆక్సిజన్ కోసం ఊళ్ళకి ఊళ్ళు పరిగెత్తుతున్న రోజులవి. వాళ్ళుండే వీధిలోనే మనుషులు పోయారు. ఇక్కడ మేం గంటగంటకీ ఫోన్ చూసుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు. మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. అంతకుముందు వీసా ఉంటే టికెట్ కొనుక్కుని రావడమే కదా అనుకున్న దారి మూసుకుపోయింది. దేవుడి దయవల్ల ఇద్దరూ గట్టెక్కారు. ఆ వేసవి చివర్లో మా ఆయన అన్నారు, “ఈసారి అమ్మానాన్నా వస్తే అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దాం. మళ్ళీ ఎప్పుడో అని వాయిదా వేయొద్దు.” ఎక్కడికైనా అంటే ఎనిమిదేళ్ళ మా అబ్బాయికీ, నాలుగేళ్ళ అమ్మాయికీ తెలిసింది ఒర్లాండో ఒక్కటే. పైగా ఆ అక్టోబర్ నుంచి పార్కు యాభయ్యేళ్ళ పండగ.

అప్పుడు మా ముందున్న తెలియనివి ఒక్కొక్కటే చెబుతాను. ఇండియా ప్రయాణికుల మీద ఆంక్షలు ఎప్పుడు ఎత్తేస్తారో తెలియదు. సెప్టెంబర్ 20న అమెరికా ప్రభుత్వం ఒక మాట చెప్పింది: రెండు డోసులూ పడినవాళ్ళని నవంబర్ నుంచి రానిస్తాం. అప్పుడు ఇంకో చిక్కు. అత్తయ్యగారూ మామయ్యగారూ వేయించుకున్నది కోవాగ్జిన్, హైదరాబాద్ జినోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన టీకా. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు ఇంకా రాలేదు. గుర్తింపు లేని టీకా అమెరికా లెక్కలోకి రాదు. ఇక్కడేమో అయిదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి టీకా ఇంకా అనుమతి దశలోనే ఉంది. నాలుగేళ్ళ పాప సంగతి అసలు ఎవరూ మాట్లాడటమే లేదు.

ఇన్ని తెలియనప్పుడు ఎవరైనా ఆగుతారు. మేం అక్టోబర్‌లో బుక్ చేశాం, డిసెంబర్ 26న దిగేలాగా. ఊళ్ళో పెళ్ళి అనుకోగానే ముందు కల్యాణ మండపానికి అడ్వాన్సు ఇచ్చినట్టు, మిగతావి తేలేలోగా రోజు చేజారకుండా పట్టుకున్నాం. ఆ ధైర్యం వచ్చింది నియమాలు చదవడం వల్లే. అవి చాలామంది చదవరు కాబట్టి వివరంగా చెబుతాను.

డిస్నీ వాళ్ళ హోటల్లో గదీ, టికెట్లూ కలిపి ప్యాకేజీగా తీసుకుంటే మొదట కట్టాల్సింది 200 డాలర్ల డిపాజిట్. మిగతాదంతా దిగే రోజుకి 30 రోజుల ముందు కట్టాలి. వాళ్ళ మామూలు నియమం ప్రకారం ఆ 30 రోజుల గీత లోపు మానుకుంటే డిపాజిట్‌తో సహా వెనక్కి వస్తుంది. గీత దాటాక మానుకుంటే 200 డాలర్లు పోతాయి. ముందురోజు గానీ ఆ రోజే గానీ మానుకుంటే మొత్తం పోతుంది. గది ఒక్కటే విడిగా తీసుకుంటే ఒక రాత్రి అద్దె కడతాం, దానికి గడువు ఇంకా దగ్గర దాకా, దాదాపు అయిదారు రోజుల ముందు వరకూ ఉంటుంది. విడిగా కొన్న టికెట్లది వేరే లెక్క. వాటి డబ్బు వెనక్కి రాదు, ఇంకొకరి పేరుకి మారదు. అయితే అసలు వాడని టికెట్ గడువు తీరినా విలువ పోదు, ఆ మొత్తాన్ని తర్వాత కొనే టికెట్‌కి జమ కట్టుకోవచ్చు. మూడేళ్ళ లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, మూడు నుంచి తొమ్మిది వరకూ పిల్లల ధర, పది నిండితే పెద్దల ధర. ఈ నియమాలు మారుతూ ఉంటాయి. బుక్ చేసే రోజున ఉన్నవి చదివి, ఆ పేజీ దాచుకోవాలి.

ఇదంతా చూస్తే ఒకటి అర్థమవుతుంది. డబ్బంతా ఒకే రకం కాదు. కొంత అడిగితే వచ్చేది, కొంత కొంచెం కోతతో వచ్చేది, కొంత రాదు గానీ విలువ నిలిచేది, కొంత పూర్తిగా పోయేది. అనుమానపు రోజుల్లో మొదటి రకంతో మొదలుపెట్టి, ఆఖరి రకాన్ని వీలైనంత ఆఖర్న ముట్టుకోవాలి. విమానం టికెట్లకీ ఇలాంటిదే ఒకటుంది. ప్రయాణం కనీసం ఏడు రోజుల దూరంలో ఉంటే, విమాన సంస్థ దగ్గరే నేరుగా కొన్న టికెట్‌ని 24 గంటల్లోపు కోత లేకుండా రద్దు చేసుకునే వీలు గానీ, ముందే డబ్బు కట్టకుండా అదే ధరకి 24 గంటలు పట్టి ఉంచుకునే వీలు గానీ ఉండాలని అమెరికా రవాణా శాఖ నియమం. ఆ ఒక్కరోజు సెలవు దొరుకుతుందో లేదో కనుక్కోవడానికి సరిపోతుంది. అట్లాంటా నుంచైతే విమానమూ అక్కర్లేదు. ఐ-75 మీద మేకన్, వల్డోస్టా దాటుకుంటూ దిగిపోతే ఏడు గంటలు. కారు ప్రయాణానికి రద్దు ఖర్చు లేదు. తెలియని రోజుల్లో అది పెద్ద సౌకర్యం.

30 రోజుల గీతనే మా గడువుగా పెట్టుకున్నాం. డిసెంబర్ 26కి 30 రోజుల ముందంటే నవంబర్ 26. థాంక్స్‌గివింగ్ మర్నాడు, శుక్రవారం.

నవంబర్‌లో అన్నీ ఒకదాని వెనక ఒకటి అనుకూలించాయి. 2న పిల్లల టీకాకి తుది అనుమతి వచ్చింది. మూడు వారాల ఎడంతో రెండు డోసులు, ఆపైన రెండు వారాలు లెక్కేస్తే మా అబ్బాయికి డిసెంబర్ మధ్యకల్లా రక్షణ వచ్చేస్తుంది. 3న కోవాగ్జిన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు ఇచ్చింది. 8న ఆంక్షలు తొలగాయి. తెనాలిలో సూట్‌కేసులు సర్దడం మొదలైంది, ఆవకాయ ఎన్ని సీసాలు పడుతుందని అత్తయ్యగారి ఫోన్లు.

నవంబర్ 26నే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వైరస్ రకానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టింది.

ఆ సాయంత్రం మేమిద్దరం లెక్కలు ముందేసుకుని కూర్చున్నాం. ఒమిక్రాన్ ఎంత ప్రమాదమో ఆ రోజుకి డాక్టర్లకే తెలియదు. మా ఆయన వెళ్దామనే అన్నారు. పాపకి తప్ప అందరికీ టీకాలు పడ్డాయి, మాస్కులు పెట్టుకుంటాం, 200 డాలర్లే కదా పోతే పోనీ, ఇంకా చూద్దాం అని. ఆ వాదనలో బలం ఉంది. నేను వేరే వైపు నుంచి చూశాను. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే వారం ఏడాది మొత్తంలో పార్కులు కిక్కిరిసేది. మా ఆరుగురిలో ఒకరికి టీకా లేదు, ఒకరికి షుగరు, ఒకరికి డెబ్బై దాటాయి. 200 డాలర్లు పోవడం పెద్ద విషయం కాదు. కానీ మిగతా వేల డాలర్లు కట్టేశాక మన ఆలోచనే మారిపోతుంది. కట్టిన డబ్బు వెళ్ళమని తొందరపెడుతుంది. దగ్గు వచ్చినా మామూలు జలుబే అనిపిస్తుంది. అప్పుడు తీసుకునే నిర్ణయం మనది కాదు, డబ్బుది. అందుకే గడువు డబ్బు కట్టకముందే ఉండాలని నా పట్టుదల.

తెనాలికి ఫోన్ చేస్తే అత్తయ్యగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. “మేం వచ్చేది మిమ్మల్ని చూడటానికమ్మా. ఆ బొమ్మలు ఇంకో నెలలో చూస్తాం.” మామయ్యగారు మాత్రం, “రద్దు చేయకండి, తారీఖు మార్చండి,” అన్నారు. ఆ తేడా ఆయన చెప్పేదాకా మాకు తట్టలేదు. వాళ్ళు ఆరు నెలలు ఉంటారు కదా. బుకింగ్‌ని ఏప్రిల్ మొదటి వారానికి, బడి సెలవులకి మార్చాం. డిపాజిట్ అలాగే ఉంది. గడువు తారీఖు మార్చి నెలకి జరిగింది. డిసెంబర్ 6 నుంచి అమెరికా వచ్చేవాళ్ళకి ఒక రోజు ముందు పరీక్ష తప్పనిసరి చేశారు. అది చేయించుకుని వాళ్ళిద్దరూ క్షేమంగా దిగారు. జనవరి మధ్యలో దేశంలో రోజుకి సగటున ఏడెనిమిది లక్షల కేసులు. మా వీధిలో దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు మంచమెక్కారు. పార్కులు మాత్రం మూయలేదు.

ఇన్సూరెన్స్ తీసుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. తీసుకోండి, కానీ ఏం కొంటున్నారో చూసుకుని తీసుకోండి. మామూలు ప్రయాణ బీమా, మీకో మీ ఇంట్లోవాళ్ళకో జబ్బు చేసి డాక్టరు కాగితం ఇస్తే డబ్బిస్తుంది. వెళ్ళాలంటే భయంగా ఉంది అంటే ఇవ్వదు. తుఫానుకి పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుఫానుకి పనికిరాదు. ఏ కారణం చెప్పకుండా మానుకోవాలంటే ‘క్యాన్సిల్ ఫర్ ఎనీ రీజన్’ అని విడిగా ఒకటుంటుంది. దానికి ధర ఎక్కువ. మొదటి డబ్బు కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి, ప్రయాణానికి కనీసం రెండు రోజుల ముందు మానుకోవాలి. అప్పుడు కూడా సాధారణంగా సగం నుంచి ముప్పావు వంతే వస్తుంది. బుకింగే వెనక్కి వచ్చేదైతే ఇంత ఖర్చు ఎందుకని మేం ఇది తీసుకోలేదు. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళకి వైద్య బీమా వేరు, అది లేకుండా వాళ్ళని గుమ్మం దాటించకూడదు. అమెరికాలో ఒక్క రాత్రి ఆసుపత్రి బిల్లు ముందు ఒర్లాండో ఖర్చు ఎంత!

పిల్లలకి ఎప్పుడు చెప్పాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న. నాలుగేళ్ళ పాపకి బయల్దేరే ముందురోజు దాకా చెప్పలేదు. ఆ వయసుకి వచ్చే నెల అంటే అర్థం కాదు, రోజూ పొద్దున్నే ఇవాళేనా అని అడుగుతుంది. అబ్బాయికి మాత్రం మొదటి నుంచీ నిజమే చెప్పాం. గది తీసుకున్నాం, వెళ్తామో లేదో ఫలానా రోజు తేలుస్తాం అని. డిసెంబర్ ప్రయాణం వాయిదా పడినప్పుడు వాడు ఏడ్చాడు. ఎందుకు జరిపామో అడిగాడు, చెప్పాం. చెల్లికి టీకా లేదని విన్నాక ఇంకేం అనలేదు. ఎనిమిదేళ్ళ పిల్లలకి ఇవన్నీ ఏం తెలుస్తాయనుకునే పెద్దలతో నేను ఏకీభవించను.

ఏప్రిల్‌లో వెళ్ళాం. గడువు రోజు నాటికి కేసులు బాగా తగ్గాయి. ఫిబ్రవరి 17 నుంచే టీకా వేయించుకున్నవాళ్ళకి పార్కులో మాస్కు తప్పనిసరి కాదన్నారు. మా పాపకి మాత్రం లోపల ఉన్నంతసేపూ మాస్కు పెట్టాం. ఇలాంటి ప్రయాణానికి కొలబద్ద ఇంట్లో అందరికన్నా సున్నితంగా ఉన్న మనిషే కావాలి. ఎత్తు 44 అంగుళాలు లేనిదే స్పేస్ మౌంటెన్ రైడ్ ఎక్కనివ్వరు, పాపకి అంత లేదు. అలాంటి చోట్ల ‘రైడర్ స్విచ్’ అని ఒక ఏర్పాటుంది. ఒకరు పాపతో బయట ఉంటే మిగతావాళ్ళు ఎక్కి వస్తారు, తర్వాత ఆ ఒకరు మళ్ళీ మొదటి నుంచి నిలబడకుండా ఎక్కొచ్చు. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకి తీసుకున్నాం. తిండి బయటినుంచి తీసుకెళ్ళొచ్చు, గాజు సీసాలు, మద్యం తప్ప. అత్తయ్యగారు పొద్దున్నే కలిపిన పులిహోర, పెరుగన్నం డబ్బాలు తనిఖీ దాటి లోపలికి వచ్చాయి. షుగరున్న మనిషికి వేళకి అన్నం దొరకడం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. క్యూ దాటించే పాసు అప్పట్లో తలకి రోజుకి 15 డాలర్లు, ఆ రోజు పొద్దున్నే కొనుక్కునే వీలుండేది. ముందుగా కొనక్కర్లేనివి ముందుగా కొనలేదు.

మామయ్యగారికి అన్నిట్లోకీ నచ్చింది ‘కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్’. 1964లో న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కోసం చేసింది, 1975 నుంచి ఒర్లాండోలో ఉంది. చల్లటి హాల్లో కూర్చుంటే మన కుర్చీలే వేదిక చుట్టూ తిరుగుతాయి. ఒక ఇంటికి కరెంటు ఎలా వచ్చిందో, దానితో బతుకెలా మారిందో బొమ్మలు చెబుతాయి. రెండో దృశ్యంలో ఎన్నో సామాన్లు ఒకేసారి వేసి ఫ్యూజు కొట్టేస్తారు. చీకటైపోగానే మామయ్యగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్ళకి పైగా ఆయన విన్న ఫిర్యాదే అది. క్రిస్మస్ వారం రద్దీలో, భయంతో, ఆయన్ని అంతసేపు తీరిగ్గా కూర్చోనిచ్చేవాళ్ళమా అంటే నాకు నమ్మకం లేదు.

జబ్బు సంగతి వెనకబడింది గానీ అనిశ్చితి పోలేదు. అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. 2022 సెప్టెంబర్ చివర్లో ఇయన్, 2024 అక్టోబర్‌లో మిల్టన్ వచ్చినప్పుడు ఒర్లాండో పార్కులు మూసేశారు. దిగే రోజుకి ఏడు రోజుల్లోపు ఒర్లాండోకి గానీ మీరుండే ఊరికి గానీ హరికేన్ హెచ్చరిక వస్తే తమ ప్యాకేజీలని కోత లేకుండా మార్చుకోవచ్చని డిస్నీ నియమం. విడిగా తీసుకున్న విమానానికీ, వేరే హోటల్‌కీ అది వర్తించదు, ఎవరిది వాళ్ళని అడగాల్సిందే. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ధర తక్కువని ఎగబడేవాళ్ళు ఇది చూసుకోవాలి.

తెలుగువాళ్ళకి అన్నిటికన్నా దగ్గరి భయం ఉద్యోగానిది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. ఆ రోజుల్లో ఇంటి అద్దెకీ, లాయరుకీ, అవసరమైతే తిరుగు ప్రయాణానికీ చేతిలో డబ్బుండాలి. కాబట్టి నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. నాలుగైదు నెలల ఖర్చు విడిగా దాచుకోనివాళ్ళు, క్రెడిట్ కార్డు మీద వడ్డీకి వెళ్ళాలనుకునేవాళ్ళు, డబ్బు వెనక్కి వచ్చేదైనా సరే బుక్ చేయొద్దు. ఇంట్లో ఎవరికైనా వైద్యం నడుస్తుంటే కూడా అంతే. అలాంటప్పుడు గడువు తారీఖు ఒక్కటే మిమ్మల్ని కాపాడలేదు.

మొన్న డాలస్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు, వాడి పేరు ఇంకా రాలేదు. “అక్కా, వచ్చే జూన్‌కి పాపకి పదేళ్ళు నిండుతాయి, పెద్దల టికెట్ అయిపోతుంది, ఈలోగానే కొనేద్దామా?” అన్నాడు. పిల్లల టికెట్‌కీ పెద్దల టికెట్‌కీ తేడా కొద్ది డాలర్లేరా, దానికోసం తొందరపడకు అన్నాను. చేతిలో ఎంత ఉందని అడిగితే ఆర్నెల్లకి సరిపడా ఉందన్నాడు. అయితే గది ఒక్కటే తీసుకో, టికెట్లు ముట్టుకోకు, విమానం టికెట్లు మార్చుకునే రకం కాకపోతే వద్దు అన్నాను. గడువు ఎప్పుడు పెట్టుకోమంటావని అడిగాడు. కంపెనీలో ఆ లిస్టు ఎప్పుడు తేలుతుందంటే మార్చి చివరికట. ఏప్రిల్ 10 అని రాసుకోమన్నాను. మరదలికి కూడా ఆ తారీఖు చెప్పమన్నాను.